‘ఏమో’ అనడానికి పదకొండు నెలలు

ఆ సాయంత్రం నేను వంటగదిలో కూరగాయలు తరుగుతున్నాను. పాపకి అప్పటికి తొమ్మిది నెలలు. కొత్తగా పాకడం వచ్చింది కాబట్టి ఒక్కచోట కుదురుగా ఉండటం లేదు. గడప దాటుకుని నా కాళ్ల దగ్గరికి వచ్చి, నా ప్యాంటు పట్టుకుని లేవబోయింది. కిందికి చూశాను. సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. ‘చేతిలో కత్తి ఉంది. పాపని పొడిచేస్తే?’

నాకు కోపంగా లేదు, విసుగ్గా లేదు. పాప ఏడవటం కూడా లేదు, నా మొహం చూసి నవ్వుతోంది. ఒళ్లంతా ఒక్కసారిగా చల్లబడిపోయింది. కత్తి సింకులో పడేసి రెండడుగులు వెనక్కి వేశాను. పట్టు తప్పి పాప కూలబడి ఏడుపందుకుంది. ఎత్తుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందుగదిలో ఉన్న మా ఆవిడని కేకేశాను.

“ఏమైందండీ?”

“ఏం లేదు, చెయ్యి తెగబోయింది.”

ఆ తర్వాత నాలుగు నెలలపాటు ఆడిన అబద్ధాలన్నిటికీ అది మొదటిది.

నాది లెక్కలు చూసే ఉద్యోగం. రెండు కాలమ్‌లకీ పది పైసలు తేడా వచ్చినా ఎక్కడ తప్పిందో దొరికేదాకా వదలకూడదు. ఆ రాత్రి మంచం మీద పడుకుని అదే పని మొదలుపెట్టాను. ఆ ఆలోచన ఎందుకొచ్చింది? మంచివాడికి అలాంటిది వస్తుందా? లోపల ఎక్కడో కోరిక ఉంటేనే కదా వస్తుంది? చిన్నప్పటి నుంచి నేను ఎవరినైనా కొట్టానా? సాయంత్రం జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా మనసులో మళ్లీ వేసుకుని చూశాను. కత్తి పట్టుకున్న చెయ్యి కొంచెమైనా పాప వైపు కదిలిందా? కదల్లేదు. కదల్లేదనే అనుకుంటున్నాను. గట్టిగా చెప్పగలనా? ఇంకోసారి చూశాను. తెల్లవారుజామున మూడున్నర దాకా చూస్తూనే ఉన్నాను. లెక్క తేలలేదు.

మర్నాడు కత్తులన్నీ తీసి పైఅరలో వెనక్కి పెట్టేశాను. పాప పాకుతోంది, అందితే ప్రమాదం అన్నాను. ఎంత జాగ్రత్తో అని మా ఆవిడ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. కత్తుల తర్వాత కత్తెర, స్క్రూడ్రైవర్. తర్వాత దిండు. అవును, దిండే. ఆ తర్వాత బాల్కనీ. పాపని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లడం మానేశాను. స్నానం చేయించడం మానేశాను. పాప, నేను ఇద్దరమే ఇంట్లో ఉండాల్సి వస్తే ఆఫీసులో ఏదో పని పుట్టించుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఒక్కో వస్తువుకి దూరం జరిగిన కొద్దీ భయం తగ్గాలి కదా. నా విషయంలో ఇంట్లో భయపడాల్సిన వస్తువులు పెరుగుతూ పోయాయి.

బయటికి కనిపించేది ఇంతే. లోపల చేసేది ఇంకా చాలా ఉంది. ఆలోచన వచ్చినప్పుడల్లా ‘నేను పాపని ప్రేమిస్తున్నాను’ అని మనసులో ఏడుసార్లు అనుకోవాలి. మధ్యలో చెడ్డ బొమ్మ ఏదైనా మెదిలితే మళ్లీ ఒకటి నుంచి. రోజు గడిచాక పాపతో గడిపిన ప్రతి నిమిషాన్నీ గుర్తు తెచ్చుకుని, ఎక్కడా ఏమీ చెయ్యలేదని రూఢి చేసుకోవాలి. ఇంకొకటి ఉంది, రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. ఆ భయంకరమైన దృశ్యాన్ని కావాలనే ఊహించుకుని, నాకు అసహ్యం వేస్తోందా లేదా అని పరీక్షించుకునేవాణ్ణి. వేస్తే హమ్మయ్య. రోజుకి యాభైసార్లు ఊహించుకున్న దాని మీద యాభై ఒకటోసారి అంత అసహ్యం ఎక్కణ్ణించి వస్తుంది? కొంచెం తగ్గినట్టనిపిస్తే ఇక ఆ రోజంతా నరకమే.

ఫోన్‌లో వెతుకులాట వేరే. కన్నబిడ్డలని చంపిన వాళ్ల వార్తలు చదివి, వాళ్లకీ నాకూ పోలికలున్నాయేమో చూసుకునేవాణ్ణి. ‘చాలా మంచివాడు, ఎప్పుడూ నెమ్మదిగా ఉండేవాడు’ అని పక్కింటివాళ్లు చెప్పినట్టు ఉంటే గుండె జారిపోయేది. నన్ను గురించి కూడా అందరూ అదే అంటారు.

ఇక మా ఆవిడని అడగడం. నేరుగా అడగలేను కాబట్టి చుట్టూ తిప్పి అడిగేవాణ్ణి. “నాకు కోపం ఎక్కువంటావా?” “పాప నా దగ్గర బాగానే ఉంటోందా?” “నేనెప్పుడైనా నిన్ను భయపెట్టానా?” మొదట్లో నవ్వేది. తర్వాత ఓపిగ్గా చెప్పేది. ఒక ఆదివారం లెక్కపెట్టిందట, పద్నాలుగుసార్లు అడిగాను. ఆమె “అదేం లేదండీ” అన్నాక పది నిమిషాలు ప్రాణం తేలికపడేది. పదకొండో నిమిషంలో, ‘అసలు విషయం తెలియక అలా అంది కానీ, తెలిస్తే అలా అంటుందా?’ అని మళ్లీ మొదలు.

నిద్ర కరువైంది. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. పొద్దున లేస్తూనే గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతులో ఉండలా ఏదో అడ్డం. రోజంతా టెన్షన్ తగ్గేది కాదు. ఇంత ఆందోళనలో ఉన్న మెదడుకి ప్రతి చిన్న చప్పుడూ దొంగ అడుగులాగే వినిపిస్తుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, ఇంత దడ పుడుతోందంటే నిజంగానే ప్రమాదం ఉన్నట్టే కదా అనుకున్నాను.

ఆలోచనని తరిమెయ్యడానికి చెయ్యని ప్రయత్నం లేదు. ఒక కౌన్సెలర్ దగ్గరికి మా ఆవిడకి తెలియకుండా వెళ్లాను. అక్కడ కూడా నిజం పూర్తిగా చెప్పలేదు, ‘చెడ్డ ఆలోచనలు’ అన్నాను. మణికట్టుకి రబ్బరు బ్యాండు వేసుకుని, ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి వదిలి, ‘ఆగు’ అనుకోమన్నారు. పది రోజులకి చెయ్యి వాచింది. ఆలోచనలు రెట్టింపయ్యాయి. తప్పు నాదేననుకున్నాను, గట్టిగా లాగడం లేదేమోనని.

అది ఎందుకు పనిచెయ్యలేదో చాలా తర్వాత తెలిసింది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొందరు విద్యార్థులకి ఒక పని ఇచ్చారు. ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకూడదు, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టాలి. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా, మొదట అలా అణచుకున్నవాళ్లకి, తర్వాత ‘ఇప్పుడు ఆలోచించుకోవచ్చు’ అన్నప్పుడు, మొదటి నుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్లకంటే ఎక్కువగా ఆ ఎలుగుబంటే గుర్తొచ్చింది. ఒక వస్తువు ఇంట్లో లేదని తేల్చుకోవాలంటే దాన్నే వెతుకుతూ తిరగాలి కదా. నేను నాలుగు నెలలపాటు చేసింది అదే.

పాపకి పదమూడో నెల నడుస్తుండగా ఒక రాత్రి మా ఆవిడ అడిగింది. “మీకు పాపంటే ఇష్టం లేదా?”

ఆమె అలా అనుకుంటోందని నాకు తట్టనే లేదు. ఎత్తుకోను, స్నానం చేయించను, ఒంటరిగా ఉండను. ఇంకేమనుకుంటుంది? ఆ ప్రశ్నకి నేను కుప్పకూలిపోయాను. గోడవైపు తిరిగి కూర్చుని, ఆమె మొహం చూడకుండా అంతా చెప్పేశాను. చెప్పడం అయ్యాక ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వెళ్లి పాప మీద దుప్పటి సరిచేసి వచ్చి, “రేపు సెలవు పెట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్దాం” అంది.

ఆ కొద్ది నిమిషాలు తనకీ భయమేసిందని ఏడాది తర్వాత ఒప్పుకుంది. ముందు చెప్పి ఉంటే నేను డాక్టర్ దగ్గరికి వెళ్లేవాణ్ణి కాదు. ఎప్పుడు ఏది చెప్పాలో ఆవిడకి తెలుసు.

సైకియాట్రిస్ట్ ముందు కూర్చున్నప్పుడు నా భయం ఒక్కటే. ఇది వినగానే ఆమె పోలీసులకి ఫోన్ చేస్తుంది, లేదా పాపని నా నుంచి దూరంగా ఉంచమంటుంది. చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టలేదు, కుర్చీ వెనక్కి జరపలేదు. వరసగా ప్రశ్నలు అడిగింది. అలా చెయ్యాలని కోరిక ఎప్పుడైనా కలిగిందా? ఎలా చెయ్యాలో పథకం వేశారా? ఎవరో చెబుతున్నట్టు గొంతులు వినిపిస్తాయా? తాగుడు అలవాటుందా? ఇదివరకు ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నారా? అన్నిటికీ లేదనే చెప్పాను. ఆఖరికి, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడిగింది. కొంచెం ఆగి, ఈ మధ్య రెండుసార్లు అనిపించిందని చెప్పాను. దాని గురించి చాలాసేపు మాట్లాడింది. అలా అనిపిస్తే ఏ అర్ధరాత్రయినా సరే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎక్కడికి రావాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. దాన్ని పర్సులో పెట్టుకున్నాను. వాడలేదు కానీ ఉంది.

“మీకున్నది ఓసీడీ” అంది.

“నాకు చేతులు కడుక్కునే అలవాటు లేదు మేడమ్.”

ఇది విని విని ఉంటుంది, చిన్నగా నవ్వింది. ఓసీడీ అంటే శుభ్రత పిచ్చి అనే చాలామంది అనుకుంటారు. నేనూ అంతే. అడగకుండా వచ్చిపడి, ఎంత తోసినా పోని ఆలోచనలు ఒక సగం. ఆ ఆలోచనలు పుట్టించే ఆందోళన తగ్గించుకోవడానికి చేసే పనులు రెండో సగం. చేతులు కడుక్కోవడం అలాంటి పనే, మనసులో ఏడుసార్లు అనుకోవడమూ అలాంటి పనే. నా పనుల్లో చాలా వరకు తల లోపల జరుగుతాయి కాబట్టి ఎవరికీ కనిపించలేదు. ఈ ఆలోచనలు మనిషి దేన్ని అన్నిటికంటే ఎక్కువ విలువగా చూసుకుంటాడో దాన్నే పట్టుకుంటాయట. భక్తి ఉన్నవాళ్లకి దేవుణ్ణి తిట్టే మాటలు, కొత్తగా తల్లో తండ్రో అయినవాళ్లకి బిడ్డకి హాని చేసే బొమ్మలు.

యేల్-బ్రౌన్ స్కేల్ అనే పది ప్రశ్నల పరీక్ష పెట్టింది. 1989 నుంచి వాడుకలో ఉన్నది. రోజులో ఎన్ని గంటలు ఈ ఆలోచనల్లో పోతాయి, పనికి ఎంత అడ్డం, ఎంతవరకు ఆపుకోగలరు, ఇలాంటివి. మొత్తం నలభైకి నాకు 27 వచ్చింది. 24 నుంచి 31 దాకా తీవ్రమైనదాని కింద లెక్క. పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చి ఊపిరి పీల్చుకున్నది జీవితంలో అదొక్కసారే. నాకున్నదానికి ఒక పేరు, ఒక కొలత ఉన్నాయన్నమాట.

మందు మొదలుపెట్టారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం, డిప్రెషన్‌కి కూడా ఇచ్చేదే. డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే ఓసీడీకి సాధారణంగా డోసు ఎక్కువ కావాల్సి వస్తుందని, ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చని ముందే చెప్పింది. చెప్పబట్టి సరిపోయింది. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పడం, నిద్ర చెదరడం, దడ ఇంకాస్త పెరగడం. చెప్పి ఉండకపోతే పదో రోజున మానేసేవాణ్ణి. ఏడో వారంలో ఒక ఉదయం ఆఫీసుకి వెళ్తూ, లేచినప్పటి నుంచి గంటసేపు ఆ ఆలోచన గురించి పట్టించుకోలేదని గుర్తొచ్చింది. గుర్తు రాగానే ఆలోచన వచ్చింది, అది వేరే సంగతి.

మందుతో ఆలోచనల జోరు తగ్గింది, ప్రశ్న పోలేదు. దానికి డాక్టర్ నన్ను సైకాలజిస్ట్ దగ్గరికి పంపింది.

అక్కడికి వెళ్లేలోపు నేనొక తెలివితక్కువ పని చేశాను. అక్కడ చేసే చికిత్స పేరు ఈఆర్‌పీ అని, భయపడే వాటికి ఎదురెళ్లడమే దీని కిటుకని ఫోన్‌లో చదివి, ఆ రాత్రే కత్తి పట్టుకుని పాప పడుకున్న గది గుమ్మంలో నిలబడ్డాను. ముప్ఫై సెకన్లు కూడా నిలబడలేక పారిపోయి బాత్రూంలో వాంతి చేసుకున్నాను. నా భయం ఇంకో మెట్టు పైకెక్కింది. సైకాలజిస్ట్‌కి చెబితే, “మీరు చేసింది సగమే” అంది. ఎదురెళ్లడం ఒక సగం, ఎదురెళ్లాక రోజూ చేసే తంతు చెయ్యకుండా అక్కడే ఉండటం రెండో సగం. పారిపోతే మెదడు నేర్చుకునేది, పారిపోబట్టే బతికామని.

ఈ రెండో సగం గురించి ఆమె చెప్పిన సంగతి నాకు బాగా పట్టింది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన, ఏ చికిత్సకీ లొంగని ఇద్దరు రోగులని ఆసుపత్రిలో ఉంచి, నర్సులని కాపలా పెట్టి, వాళ్లు తమ తంతులు చెయ్యకుండా చూశాడట. ఆపితే వాళ్లు తట్టుకోలేరనే భయం అప్పటి వైద్యుల్లో ఉండేది. తట్టుకున్నారు, బాగుపడ్డారు. నాకు కాపలాకి నర్సు లేదు. నా తంతులు తల లోపల జరిగేవి కాబట్టి ఉన్నా ఉపయోగం లేదు.

మొదటి రెండు సెషన్లు ఒక లిస్టు రాయడంలో పోయాయి. భయపెట్టే పనులు, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా అంకె. ‘పాపకి హాని చేస్తానేమో’ అని కాగితం మీద రాయడం 40. పాప వేరే గదిలో నిద్రపోతుండగా కత్తి వంటగది గట్టుమీద బయటే ఉంచడం 50. మా ఆవిడ ఉండగా పాప ముందు కూరగాయలు తరగడం 70. ఒక్కణ్ణే ఉండి తరగడం 90. ఒక్కణ్ణే స్నానం చేయించడం 95. ఆమె ఆ కాగితం నా వైపు తిప్పి, “ఏ తల్లీ తండ్రీ రోజూ చెయ్యని పని ఇందులో ఒక్కటైనా ఉందా చూడండి” అంది. లేదు.

మనిషికి ఇలాంటి ఆలోచనలు రావడం కొత్తేమీ కాదని కూడా ఆమే చెప్పింది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో పదమూడు దేశాల్లో 777 మంది విద్యార్థులని అడిగితే, నూటికి తొంభై నాలుగు మందికి దగ్గరగా, గడిచిన మూడు నెలల్లో అడగకుండా వచ్చిపడ్డ ఆలోచన కనీసం ఒకటి ఉందన్నారు. అందరికీ వస్తాయి. చాలామంది ‘ఛీ, ఇదేంటి’ అనుకుని ముందుకెళ్లిపోతారు. నాబోటివాడు ఆగి, దానికి కుర్చీ వేసి, నువ్వెందుకొచ్చావో చెప్పమని కూర్చుంటాడు.

ఆ తొంభై నాలుగు అనే అంకె నాకు చాలా నచ్చింది. మరీ ఎక్కువ నచ్చింది. వారం తిరిగేసరికి ఆలోచన వచ్చినప్పుడల్లా ‘తొంభై నాలుగు, తొంభై నాలుగు’ అనుకోవడం మొదలుపెట్టాను. అదే ఇంకో తంతు అయికూర్చుంది.

సైకాలజిస్ట్ చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఒకటుంది. ‘పాపకి హాని చెయ్యను కదా?’ అని నేను అడిగితే, ఆవిడ చెయ్యరు అనలేదు.

“ఏమో” అంది.

డబ్బు తీసుకుని ఇలా అంటారా అని కోపం వచ్చింది. మొహం చూసి గ్రహించినట్టుంది. “రేపు సాయంత్రం మీరు క్షేమంగా ఇల్లు చేరతారని నన్ను రాసిమ్మంటే ఇవ్వగలనా? మీరు మాత్రం ఇవ్వగలరా? అయినా రేపు ఆఫీసుకి వెళ్తారు. ఆ ఒక్క విషయంలో ‘ఏమో’తో బతకగలుగుతున్నారు, ఈ ఒక్క విషయంలో మాత్రం నూటికి నూరు కావాలంటున్నారు. మీ ఆఫీసులో లెక్క తేలుతుందండీ, కాగితాలుంటాయి కాబట్టి. మనసుకి వోచర్లు ఉండవు.”

ఆ మాట నాకు ఇంటిదాకా వినిపిస్తూనే ఉంది. లెక్క తేలడం లేదని ఇన్నాళ్లూ కుస్తీ పట్టాను. తేలే లెక్క కాదని ఎవరూ అనలేదు.

రాయమన్న వాక్యాలు ఇలా ఉన్నాయి: ‘నేను ఎప్పుడో ఒకప్పుడు పాపకి హాని చేస్తానేమో. చెయ్యనని ఎవరూ నాకు రాసివ్వలేరు.’ నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి, రోజూ అరగంట వినాలి. వినేటప్పుడు ఏడుసార్ల మంత్రం వద్దు, అసహ్యం పరీక్ష వద్దు, తొంభై నాలుగు వద్దు. మొదటి రోజు మూడోసారికే చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేశాను. రెండో రోజు ఏడుస్తూ విన్నాను. నాలుగో రోజు ఏడుపు రాలేదు కానీ చొక్కా తడిసిపోయింది. ఎనిమిదో రోజు, సరిగ్గా ‘హాని చేస్తానేమో’ అనే చోట, నాకు ఆవలింత వచ్చింది. ఆవలించాక భయమేసింది. ఇంత ఘోరమైన మాటకి ఆవలిస్తున్నానంటే నేను రాక్షసుణ్ణేనా? ఆ సంగతి చెబితే సైకాలజిస్ట్ పడీ పడీ నవ్వింది. “ఆ అనుమానం కూడా రికార్డు చెయ్యండి” అంది.

ఇంట్లో కష్టమంతా మా ఆవిడ మీద పడింది. ఓ సెషన్‌కి తనని కూడా పిలిచి, నేను అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పొద్దన్నారు. ‘మీరు కంగారుగా ఉన్నారని తెలుస్తోంది, ఆ ప్రశ్నకి మాత్రం నేను జవాబు చెప్పను’ అనాలి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనకూడదు. భర్త ఎదురుగా వణికిపోతుంటే, రెండు మాటలతో తగ్గించగలిగి ఉండీ ఊరుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియలేదు. కోపం తెచ్చుకున్నాను, బతిమాలాను. ఒకసారి “నీకు జాలి లేదా?” అని కూడా అన్నాను. వంటగదిలోకి వెళ్లి ఏడ్చింది కానీ జవాబు చెప్పలేదు. ఆ రోజు ఆమె చెప్పేసి ఉంటే ఎన్ని వారాలు వెనక్కి పోయేవాళ్లమో.

70 దగ్గర నెలన్నర ఆగిపోయాను. పాప ముందు తరుగుతున్నాను, రోజూ తరుగుతున్నాను, భయం మాత్రం దిగడం లేదు. ఏం జరుగుతోందో సైకాలజిస్ట్ ఒక్కో క్షణం విడమరిచి చెప్పించుకుంది. అప్పుడు దొరికింది. కత్తి పట్టుకున్నప్పుడల్లా లోపల ‘ఇది ఓసీడీయే, ఇది ఓసీడీయే’ అనుకుంటున్నాను. చూడటానికి సరైన మాటే. అయితే నేను దాన్ని తాయెత్తులా కట్టుకున్నాను. జబ్బు పేరునే జబ్బుకి మేతగా వేస్తున్నానన్నమాట. దాన్ని వదిలి ‘ఏమో, కావచ్చు, కాకపోవచ్చు’ అంటూ తరగడం మొదలుపెట్టాక, మొదటి రెండు రోజులు మళ్లీ 90కి లేచింది, తర్వాత దిగింది.

90, 95 గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక శనివారం మా ఆవిడ పొద్దున్నే బయటికి వెళ్లింది. పాపకి స్నానం చేయించాను. నీళ్లు నా మొహం మీద కొట్టి కిలకిలా నవ్వింది. ఆలోచన వచ్చింది. నీళ్లు పోస్తూనే ఉన్నాను. తుడిచి బట్టలు వేశాక, నా చేతులు వణుకుతున్నాయని గమనించాను, పాప మాత్రం అప్పటికే నా భుజం మీద నిద్రపోయింది.

మొత్తం పదకొండు నెలలు. చివర్లో స్కేలు మీద 11 వచ్చింది. అప్పటికి ఆలోచన రోజుకి రెండు మూడుసార్లు వచ్చిపోయేది, దారిన పోయే మనిషిలా.

అయితే ఓసీడీకి వేషాలు మార్చడం బాగా తెలుసు. ఐదు నెలలు హాయిగా గడిచాక, ఒక రాత్రి కారు నడుపుకుంటూ వస్తుంటే చక్రం కింద చిన్న కుదుపు. గుంత అయి ఉంటుంది. ‘మనిషేమో?’ వెనక్కి తిప్పి చూశాను. ఎవరూ లేరు. ఇంటికొచ్చాక, సరిగ్గా అక్కడే చూశానా, ఇంకొంచెం ముందా? మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్లేటప్పటికి, మొదటిసారి ఏం చూశానో కూడా గట్టిగా చెప్పలేని స్థితికి వచ్చాను.

మూడోసారి నుంచి తిరిగొస్తుంటే సైకాలజిస్ట్ ఒకప్పుడు చెప్పిన ప్రయోగం గుర్తొచ్చింది. 2003లో మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ అనే ఇద్దరు, ఓసీడీ లేని మామూలు మనుషుల చేత కంప్యూటర్ తెరమీద గ్యాస్ స్టవ్‌ని పదే పదే చెక్ చేయించారు. వాళ్ల జ్ఞాపకం పెద్దగా తప్పలేదు. జ్ఞాపకం మీద నమ్మకం మాత్రం పోయింది, చూసింది మసకగా తోచింది. చూసిన కొద్దీ అనుమానం తీరుతుందని నేను అనుకుంటూ వచ్చాను. చూసిన కొద్దీ పుడుతుంది.

కారు పార్క్ చేసి పదిహేను నిమిషాలు అందులోనే కూర్చున్నాను. నాలుగోసారి వెళ్లమని కాళ్లు లాగుతున్నాయి. మర్నాడు పొద్దున పేపర్లో యాక్సిడెంట్ వార్త వెతకకూడదని కూడా అప్పుడే అనుకున్నాను, నన్ను నేను ఎరుగుదును కాబట్టి. పైకి వెళ్తే మా ఆవిడ మొహం చూసి కనిపెట్టేసింది.

“కొత్తదా?”

“కొత్తదే. పాత బుద్ధే.”

ఇంకేమీ అడగలేదు. నేనూ ఏమీ అడగలేదు. ఆ వారం సైకాలజిస్ట్‌తో రెండు సెషన్లు, ఆ దారినే రోజూ కారులో రావడం, అద్దంలో వెనక్కి చూసుకోకుండా. పదకొండు నెలలు పట్టిన పని ఈసారి ఐదు వారాల్లో అయ్యింది.

మందు ఇంకా వాడుతున్నాను, డోసు కొంత తగ్గించారు. పూర్తిగా మానడం గురించి డాక్టర్ తొందరపడటం లేదు, నాకూ తొందర లేదు. పాపకి ఇప్పుడు నాలుగేళ్లు. ప్లాస్టిక్ కత్తితో నా పక్కనే నిలబడి ‘నాన్నా, నేను కూడా కోస్తా’ అంటుంది. ఆ మాటకి ఒక్కోసారి లోపల ఏదో మెదులుతుంది. మెదిలితే మెదిలింది.

మొన్న ముగ్గురం బయల్దేరి వీధి చివరిదాకా వెళ్లాక మా ఆవిడ అడిగింది. “తాళం వేశారా?”

పెళ్లైన కొత్తలో ఇదే మాటకి నేను వెనక్కి వెళ్లి తాళం మూడుసార్లు లాగి చూసి వచ్చేవాణ్ణి. చాదస్తం అని నవ్వుకునేది.

“వేసే ఉంటాను” అన్నాను.

నా వైపు ఒకసారి చూసి, పాప చెయ్యి పట్టుకుని ముందుకి నడిచింది.